మృచ్ఛకటికమునందలి వ్యవహారాంకము

సంస్కృతరూపకములలో మృచ్ఛకటికమునకుఁ గల ప్రత్యేకస్థానము పండితు లెఱుఁగనిది కాదు. పది యంకముల యీ ప్రకరణము, దరిద్రుఁడైన చారుదత్తునకును ఉజ్జయినీగణికయైన వసంతసేనకును గలిగిన యనురాగమును వర్ణించునదిగాఁ జదువరుల మనస్సులందు నిలిచియున్నది. శర్విలకుని కన్నము, జూదరుల కలహము, మైత్రేయుని హాస్యము, బాలుని మట్టిబండి యెల్లరకును జ్ఞాపకమున్నవి. తిరుపతి వేంకటకవులు తెనిఁగించుటచే నాంధ్రపాఠకులకును ఈ కథ పరిచితమే. కాని తొమ్మిదవదగు వ్యవహారాంకమును గుఱించిన ప్రశంస మాత్రము, ప్రాచీనకాలమున న్యాయసభ యెట్లుండెడిదో దీనివలనఁ దెలియునన్న మాటతో సాధారణముగా ముగియును. అధికరణికుఁడు మంచివాఁడు, శకారుఁడు దుర్మార్గుఁడు, పాలకరాజు క్రూరుఁడు, చారుదత్తునకు దైవము ప్రతికూలము అని పాత్రలకు గుణములను పంచిపెట్టి వ్యాఖ్యానము పదియవ యంకమునకు సాగిపోవును.

ఈ పంపకము చాలదు. ఆ సభలో లంచము పుచ్చుకొన్నవాఁడు లేఁడు. చారుదత్తునకుఁ గీడు తలఁచి యబద్ధమాడినవాఁడు శకారుఁ డొక్కఁడే. తక్కిన సాక్షులు చూచినది చూచినట్లు, విన్నది విన్నట్లు చెప్పినారు. అధికరణికుఁడు శాస్త్ర మెఱిఁగినవాఁడు. నిందితునియం దాదరము గలవాఁడు. అయినను నిరపరాధి కొఱతకుఁ బంపఁబడెను. ఇట్టి దెట్లు సంభవించెనన్నది యీ యంకమునకు మూలప్రశ్న. రాజబలము సాక్షుల నోట ప్రవేశింపలేదు. విచారించువారి ప్రశ్నలయందుఁ బ్రవేశించినది. ఏ ప్రశ్న యడుగవలెనో, దేనిని మానవలెనో భయమే నిర్ణయించినది. కవి చూపిన సూక్ష్మ మిది.

ఈ భాగము శూద్రకునిదిగాఁ బ్రసిద్ధమైన కవి సొంతకల్పన యని యూహించుట కాధార మున్నది. గణపతిశాస్త్రిగారు 1912 మొదలుకొని యనంతశయన గ్రంథావళిలోఁ బ్రకటించిన భాసనాటకములలోఁ ‘జారుదత్త’ మొకటి. దాని నాలుగంకములకును మృచ్ఛకటికమున మొదటి నాలుగంకములకును గల సామ్యము ప్రసిద్ధమే. కాని లభించిన యా నాలుగంకములలో న్యాయసభ లేదు, పాలకుఁడు లేఁడు, చెఱనుండి తప్పించుకొని రాజైన యార్యకుఁడును లేఁడు. ప్రేమకథతో రాజ్యవిప్లవమును ముడివేసి, ఆ ముడిని న్యాయసభలో బిగించుట మృచ్ఛకటికమునందే కానవచ్చును. కనుక నీ యంకమును రాజకీయకథనుండి విడఁదీసి చదువుట కవియాశయమునకు విరుద్ధము.

కథాభాగమును సంగ్రహముగా స్మరింపవలెను. బండ్లు తాఱుమాఱగుటచే వసంతసేన చారుదత్తుని బండి యనుకొని శకారుని బండి యెక్కెను. ఆ శకారుఁడు రాజునకు బావమఱఁది. పుష్పకరండకోద్యానమున నామె తనకు లొంగకుండుటచేఁ జంపుమని విటుని గోరెను, విటుఁడు నిరాకరించెను. తన దాసుఁడైన స్థావరకుని గోరెను, దాసుఁడును నిరాకరించెను. వారిరువురను నెపముమీఁదఁ దొలఁగించి తానే గొంతు నులిమి, చచ్చినదనుకొని యాకులు కప్పెను. విటుఁడు సంగతి గ్రహించి శకారుని విడిచి శర్విలక చందనకుల పక్షమునకుఁ బోయెను. స్థావరకుఁడు మేడపైఁ గట్టివేయఁబడెను. వసంతసేన చావలేదు, భిక్షు వొకఁ డామెను సేదదీర్చెను. ఈ సంగతులన్నియుఁ బ్రేక్షకు లెఱుఁగుదురు, సభ యెఱుఁగదు. ఎఱుఁగుటకుఁ జాలిన మార్గములు సభకున్నవా లేవా యన్నదే విచార్యము.

అధికరణికుఁడు శ్రేష్ఠితోను కాయస్థునితోను బ్రవేశించుచునే న్యాయాధిపతికి వలయు గుణములను లెక్కించును. శాస్త్రజ్ఞానము, కపటమును గనిపెట్టు నేర్పు, వాక్చాతుర్యము, కోపము లేకుండుట, శత్రుమిత్రులయందును స్వజనమునందును సమబుద్ధి, దుర్బలుల రక్షణము, వంచకుల శిక్షణము, నిర్లోభము, తత్త్వమునందే నిలిచిన హృదయము అని చెప్పి, తుద కొక గుణమును జేర్చును: రాజుకోపమును బోఁగొట్టువాఁడై యుండవలెనని. ఈ చివరిమాట చిత్రమైనది. రాజు తొందరపడి కోపించినప్పుడు యుక్తిచెప్పి శాంతింపఁజేయువాఁడని యొక యర్థము. రాజునకుఁ గోపము రాకుండునట్లు నడచుకొనువాఁడని లోకమునఁ జెల్లుచున్న రెండవ యర్థము. మొదటి యర్థము ధైర్యమును గోరును. రెండవది జాగ్రత్తను గోరును. అధికరణికుఁడు మొదటి యర్థమున శ్లోకము చదివి, క్షణములో రెండవ యర్థమున నడచుకొనును. అంకమంతయు నీ రెండర్థముల నడుమ నున్న దూరమే యనవచ్చును.

ఆ దూర మెట్లు దాఁటఁబడెనో కవి దాఁపకయే చూపెను. వాదులలో మొదట శకారుఁడు వచ్చెనని వినఁగానే అధికరణికుఁడు దానిని సూర్యోదయమునాఁటి గ్రహణమువలె నపశకునముగాఁ దలఁచి, నేఁడు నీ వ్యవహారము చూడఁబడదని చెప్పించెను. శకారుఁడు మండిపడి, తన బావయైన పాలకునితోను, అక్కతోను, తల్లితోను జెప్పి యీ యధికరణికునిఁ దీసివేయించి వేఱొకనిఁ బెట్టింతునని బెదరించెను. వెంటనే యధికరణికుఁడు, ఈ మూర్ఖుని కసాధ్యము లేదని తలఁచి, రమ్మనుము, చూచెదము అనెను. అప్పుడు శకారుఁడు తనలోఁ దాననుకొను మాట యంకమున కంతకును దాళపుఁజెవి. మొదటఁ జూడమనిరి, ఇప్పుడు చూతమనుచున్నారు. కావున వీరు భయపడినారు. ఇఁక నేనేమి చెప్పినను నమ్మింపఁగలను అని యతని భావము. మూర్ఖుఁడని యెల్లరు నవ్వు శకారునకు సభలోఁ దెలిసినది యిదొక్కటే. కాని యవసరమైనదియు నిదొక్కటే. రాజు నోరు విప్పలేదు; ఆజ్ఞాపత్రము రాలేదు; పాలకున కీ వ్యవహారమే యప్పటికిఁ దెలియదు. రాజుపేరు మాత్రము ఉచ్చరింపఁబడినది. పైనుండి వచ్చు నొత్తిడి తఱచుగా నిట్టిదే. అది యాజ్ఞగా రాదు. ఆజ్ఞ రావచ్చునన్న తలఁపుగా వచ్చును.

దీనిఫలము మొదటి వాఙ్మూలమునందే కనఁబడును. శకారుఁడు శ్రేష్ఠిని, శోధనకుని, తుదకు అధికరణికుని తలపైఁ జేయివేసి, యెచ్చటనైనఁ గూర్చుందునని వినోదించి నేలపైఁ గూర్చుండెను. ఉద్యానమున స్త్రీశవమును జూచితిననియు, ధనలోభముచే నెవఁడో గొంతు పిసికి చంపెననియుఁ జెప్పుచు, ‘నేను గాదు’ అని నోరుజాఱి చేతితో నోరు మూసికొనెను. అధికరణికుఁడు దానిని గుర్తించెను. అతనిబుద్ధి మొద్దువాఱలేదు, ఆ మాటను వ్యవహారమునకు మొదటిపాదముగా వ్రాయుమని కాయస్థున కాజ్ఞాపించెను, కాయస్థుఁడు వ్రాసెను. శకారుఁడు తన తప్పిదము తెలిసికొని, చూచితినని మాత్రమే నేనన్నది, ఇంత గోల యేల యని, ఆ వ్రాఁతను కాలితోఁ దుడిచివేసెను. సభలో నెవ్వఁడును నేల తుడిచితివని యడుగలేదు. మరల వ్రాయుమని యెవ్వఁడును జెప్పలేదు. మెడయు నాభరణస్థానములును బోసిగా నుండుటచే నూహించితినని శకారుఁడు సమాధానము చెప్పఁగా, తగియున్నట్లే యున్నదని శ్రేష్ఠికాయస్థులు తలయూఁచిరి.

1909లో మైసూరునందు శామశాస్త్రిగారు ప్రకటించిన కౌటిలీయార్థశాస్త్రమున నాలుగవ యధికరణమునందు, చెప్పినదానిని వ్రాయకయు, చెప్పనిదానిని వ్రాసియు, వ్యవహారార్థమును మార్చు లేఖకునకుఁ బ్రథమసాహసదండము విధింపఁబడినది. ఇచ్చట లేఖకుఁడు వ్రాసెను, తుడిచినవాఁడు వాది. సభ యెదుట వాది కాలితో వ్రాఁతను దుడిచినచో నెవరికి దండమో యా ప్రకరణమునఁ జెప్పఁబడలేదు. అట్టి సందర్భము శాస్త్రకారుని యూహకే యందలేదు కాఁబోలును. నాటకకర్త దాని నూహించెను.

తరువాతి సాక్ష్యముల తీరు చూడఁదగినది. వసంతసేనతల్లి, కూఁతురు మిత్రుని యింటికిఁ బోయెనని చెప్పి, ఆ మిత్రుఁ డెవఁడని యడుగఁగాఁ జారుదత్తుని పేరు చెప్పెను. అది నిజము. చారుదత్తుఁడు గణిక తన మిత్రమని సభలోఁ జెప్పుటకు సిగ్గుపడి, తుద కొప్పుకొనెను. అదియు నిజము. రక్షకుఁడైన వీరకుఁడు తన్నుఁ దన్నిన చందనకునిపై ఫిర్యాదు చేయవచ్చి, వసంతసేన నెక్కించుకొని పుష్పకరండకమునకుఁ బోవుచున్న చారుదత్తుని బండియని బండివాఁడు చెప్పఁగా విన్నట్లు తెలిపెను. విన్నమాట నిజమే. గుఱ్ఱమెక్కి పోయి చూచి రమ్మనఁగాఁ బోయి, మృగములు పీఁకిన స్త్రీకళేబరమును జూచితినని వచ్చి చెప్పెను. అదియు నిజము, త్రోవలోఁ జెట్టుకూలి యొక స్త్రీ చచ్చిన సంగతిని విటునినోటఁ గవి ముందే సూచించియున్నాఁడు. మైత్రేయుని యొడినుండి వసంతసేన నగలు జాఱిపడెను. అవి పోలియున్నవి గాని యవి కావని తల్లి చారుదత్తుని రక్షింపఁజూడఁగా, అవి యామెవే యని చారుదత్తుఁడే నిజము చెప్పెను. ఇన్ని నిజములు కూడి యొక మహాసత్యాపలాపమైనవి.

అడుగఁబడని ప్రశ్నలను వరుసగాఁ బెట్టి చూచినచో నిది యెట్లయినదో తెలియును. ఆ యుద్యానము రాజు శకారున కిచ్చినది; అచ్చట నా దినమున శకారునితో నెవరుండిరని యెవరును అడుగలేదు. విటుఁడు పిలువఁబడలేదు. స్థావరకుఁడు పిలువఁబడలేదు. శకారుని బండి యెందుఁ బోయెనని యడుగలేదు. చారుదత్తుని బండి తోలిన వర్ధమానకుని రప్పింపలేదు. కళేబరము వసంతసేనదే యని గుర్తించుటకుఁ దల్లిని బంపలేదు. అధికరణికుఁడే యంతకుముందు, విచారణ రెండువిధములు, వాక్యముల ననుసరించునది యొకటి, విషయము ననుసరించునది యొకటి, మొదటిది వాదిప్రతివాదులనుండియు, రెండవది న్యాయాధిపతి బుద్ధినుండియుఁ బుట్టునని చెప్పియున్నాఁడు. ఆ రెండవవిచారణ శకారుని వంకకుఁ దిరిగినంతనే యాగిపోవును. చారుదత్తుని వంకకుఁ దిరిగినప్పుడు గుఱ్ఱమెక్కి పరుగెత్తును. అడుగవలసినదాని నడుగనివానికిని, అడుగరానిదాని నడిగినవానికిని, అడిగి విడిచినవానికిని మధ్యమసాహసదండమని కౌటిల్యుఁడు న్యాయాధిపతుల గుఱించి చెప్పెను. ఆ సూత్రమునకు దీనికంటె మంచి యుదాహరణము దొరకుట యరిది.

చారుదత్తుఁడు తన్నుఁ దాను రక్షించుకొనలేదు గదా, సభవారి దోషమేమని యొక యాక్షేపము రావచ్చును. వసంతసేన పోయిన దుఃఖమే యతని మౌనమునకుఁ గారణమని వ్యాఖ్యాతలు సామాన్యముగాఁ జెప్పుదురు. అది కొంత నిజము. కాని సభకుఁ బిలుపు వచ్చినంతనే చారుదత్తునకుఁ దోఁచిన మొదటిశంక వేఱు: చెఱ తప్పించుకొన్న యార్యకుఁడు తన బండిలోఁ బోయిన సంగతి రాజునకుఁ జారులవలనఁ దెలిసెనా యని. ఆ దినమున తన బండిలో వసంతసేన లేదు, ఆర్యకుఁ డుండెను అనుట యొక్కటే యతని నిరపరాధిత్వమునకుఁ దగిన సాక్ష్యము. అది చెప్పిన రాజద్రోహము. కావున వసంతసేన యెట్లు పోయెనని యడుగఁగా నతఁడు తెలియదనెను. శకారునకు రాజుపేరు వాదబలమైనది. చారుదత్తునకు నదే నోటికిఁ దాళమైనది. ఒక్కటే భయము వాది నోటిని దెఱచి ప్రతివాది నోటిని మూసినది. వసంతసేనావియోగ మా మూఁతను పూర్తిచేసినదే కాని ప్రారంభింపలేదు.

అధికరణికునిపక్షమునఁ జెప్పఁదగినది లేకపోలేదు. అతఁడు చారుదత్తునకు ఆసన మిప్పించెను. శకారుని దుర్భాషలను ఖండించెను. చారుదత్తుని దూషించుట హిమవంతమును దూఁచుటవంటిదని చెప్పెను. మనువచనము ననుసరించి బ్రాహ్మణుఁడు వధ్యుఁడు గాఁడనియు, ధనముతోఁ గూడ దేశమునుండి వెడలఁగొట్టఁదగుననియు రాజునకు విన్నవించెను. ఇది దయ, సందేహము లేదు. కాని యా దయ దోషనిర్ణయమునకుఁ దరువాత వచ్చినది. నిర్ణయమున మేము ప్రమాణము, తక్కినదానికి రాజు ప్రమాణము అని యతఁడు భారమును రెండుగాఁ బంచెను. పాలకుఁడు మరల విచారింపక, ఆ నగలనే మెడకుఁ గట్టి, డిండిమము వేయించి, దక్షిణశ్మశానమునఁ గొఱత వేయుఁడని పంపెను. దండము రాజుదే; నిర్ణయము సభవారిది. అధర్మమున నాలుగవపాలు చేసినవానికి, నాలుగవపాలు సాక్షికి, నాలుగవపాలు సభాసదులకు, నాలుగవపాలు రాజునకు అని మనువు లెక్క. ఇచ్చట సాక్షి కా పాలు చెల్లదు; అది యెవరి పాలికిఁ జేరవలెనో యోచింపఁదగును. రాజు విచారింపక చేసెనని నిందించుచునే, తెల్లకాకులవంటి యిట్టి న్యాయాధిపతులవలన వేలకొలఁది నిరపరాధులు చచ్చిరని చారుదత్తుఁ డనుటలో నా లెక్క స్పష్టముగా నున్నది. విష, జల, తులా, అగ్నిదివ్యములలో దేనినైనఁ బెట్టి చూడరైతిరే యని యతఁడు పలికిన మాటయు నడుగని ప్రశ్నలను గుఱించినదే.

ఈ సభకుఁ బ్రతిబింబముగాఁ గవి యాఱవయంకమున మఱియొక ప్రభుత్వవిచారణమును ఉంచెను. ఆర్యకునికై బండ్లను సోదా చేయుచున్న వీరకచందనకులలోఁ జందనకుఁడు బండిలోనికిఁ దొంగిచూచి, శరణుగోరిన యార్యకునకు నభయమిచ్చి, లోపల వసంతసేన యున్నదని వీరకునితోఁ గల్లలాడెను. వీరకుఁడు తానును జూడఁబోఁగా దన్నెను. శాస్త్రదృష్టిని చందనకుఁడు విధిని దప్పినవాఁడు. అధికరణికుఁడు విధిని నెఱవేర్చినవాఁడు. తప్పినవాఁడు నిరపరాధిని గాచెను; నెఱవేర్చినవాఁడు నిరపరాధిని జంపించెను. అంతటితో నాగక, చందనకుని యబద్ధమే వీరకుని నోట నిజమై వచ్చి చారుదత్తుని గొంతుకుఁ జుట్టుకొనెను. కవి యెవ్వరిని సులభముగా విడిచిపెట్టలేదు. న్యాయము నిలువని రాజ్యమున మంచివాని కల్లయు నొకనికి విషమగుననుట యిందలి కఠినసత్యము.

తెలుఁగునాటకములలో నీ సందర్భమును స్మరింపఁజేయునది గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము. 1892లో విజయనగరమునఁ బ్రదర్శింపఁబడి, 1897లో నచ్చయి, 1909లోఁ బెంచి ప్రకటింపఁబడిన యా నాటకమునందును జరుగని హత్య కొకఁడు నిందితుఁడగును. లుబ్ధావధానులు పెండ్లాడిన ‘కన్య’ కరటకశాస్త్రుల శిష్యుఁడు. వాఁడు వేషము విడిచి మాయమగుటచేఁ బెండ్లికూఁతురిని జంపెనను నేరము పుట్టెను. అచ్చట వ్యవహారమును బెంచి పోషించునది ధనాశ, మృచ్ఛకటికమున రాజభయము. ధనాశకు బేర మున్నది. కొంత యిచ్చినఁ గొంత తగ్గును. రాజభయమునకు బేరము లేదు. కారణములు వేఱైనను, రెండింటను విచారణ కనుఁగొనలేని సత్యమును దెచ్చినది గణికయే: అచ్చట మధురవాణి సౌజన్యారావుపంతులుకడకుఁ బోయి చెప్పెను, ఇచ్చట వసంతసేన వధ్యస్థానమునకుఁ బరుగెత్తుకొని వచ్చెను. సాక్షిగాఁ గూడ లెక్కకు రానివారినుండి సత్యము రావలసివచ్చుట సభలపై నీ యిరువురు కవులును జేసిన తీర్పు.

పదియవ యంకమున స్థావరకుఁడు కట్లతో మేడపైనుండి దుమికి నిజము చాటెను. దొంగతనమునకుఁ గొట్టితిననియు, ఆ కసిచేఁ జెప్పుచున్నాఁడనియు శకారుఁ డనఁగా, దాసుని మాట తేలిపోయెను. సభలోఁ బిలిచి యడిగియుండిన సాక్ష్యమగునది, వీధిలోఁ బిలువక వచ్చినందున వదరయ్యెను. అడుగని ప్రశ్నకుఁ దరువాత వచ్చిన సమాధానమునకు విలువ లేదు. ఆ సమయమున విచారబుద్ధిని జూపినవారు చండాలురు. వధ్యునిఁ ద్వరపడి చంపవలదని తన తండ్రి చనిపోవుచుఁ జెప్పెనని యొక చండాలుఁ డనును: ఏ పుణ్యాత్ముఁడో ధనమిచ్చి విడిపింపవచ్చును, రాజునకుఁ గొడుకు పుట్టవచ్చును, ఏనుఁగు కట్టు త్రెంచుకొనవచ్చును, రాజే మాఱవచ్చును అని. అధికారసోపానమునఁ గడపటిమెట్టుపై నున్నవాఁ డాలస్యమునకు విలువ యెఱిఁగినాఁడు.

ఆ యాలస్యమే యధికరణికుని చేతిలోను ఉండినది. నేఁడు చూడఁబడదు అని యతఁడు మొదట నన్నమాట సభలోఁ బలుకఁబడిన మాటలలో నెల్ల న్యాయమైనది. దానిపై నొక్క దినము నిలిచియున్నచో, చచ్చినదన్న వసంతసేన నడచి వచ్చియుండును. తన్నుఁ దీసివేయించునని తాను భయపడిన పాలకుఁ డా దినముననే యజ్ఞవాటమున నార్యకుని చేతఁ జచ్చియుండును. తుదకు చందనకునకు దండపాలకత్వము, భిక్షువునకు విహారాధిపత్యము, స్థావరకునకు దాస్యవిముక్తి, చండాలురకుఁ దమవారిపై నాధిపత్యము కలిగెను; శకారునకును బ్రాణదానము జరిగెను. అధికరణికుని గుఱించి మాత్ర మొక్కమాట లేదు. అతఁడు శిక్షింపఁబడలేదు, సత్కరింపఁబడలేదు, తొలఁగింపఁబడినట్లును లేదు. ఏ పీఠమునకై వెఱచెనో యా పీఠముననే, వేఱొక రాజుక్రింద నతఁ డుండెనని తలఁపవలసియున్నది. మఱునాఁడు వాకిటికి వచ్చిన వాది క్రొత్తరాజుపేరు చెప్పినచో నతఁ డేమనునన్న ప్రశ్నను గవి ప్రేక్షకులకు విడిచిపెట్టెను.